నలభయ్యో నంబరు బూజు

జూన్ 4, మొదటి షిఫ్టు

ఈ రోజు యాభై మూడు రకాల బూజును ఉడికించాను. రేపు మరో యాభై మూడు. గురువారం షిఫ్టు ముగిసేసరికి నా గదిలో ఉన్న రెండు వందల పన్నెండు రకాల్లో ఒక్కటే మిగులుతుంది.

కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడు గది వివరాలు రాయాలని నియమం కాబట్టి రాస్తున్నాను. ఏడో బొగ్గుబాయి, రెండో లెవల్, బూజు గది. బాధ్యురాలు బొల్లం సుగుణ, వయసు యాభై రెండు. తాతల కాలంలో బొగ్గు తీసిన సొరంగాల్లో ఇప్పుడు మేం దీపాల కింద వంకాయ, టమాట, బెండ పండిస్తున్నాం. జొన్నలు తొమ్మిదో బాయి నుంచి వస్తాయి. పైన ఎండలో మనిషి రెండు గంటలకు మించి నిలవలేడు కాబట్టి మూడు వేల మందికి కావలసిన కూరగాయలన్నీ ఇక్కడే పండాలి.

కిందికి దిగినప్పుడు పెద్దవాళ్లు మట్టి తెచ్చుకున్నారు. మట్టితో పాటు కంటికి కనబడని ఒక పురుగూ వచ్చింది. అది వేరులోకి దూరి ముడులు కట్టిస్తుంది. మొక్క నీళ్లు తాగలేక వాడిపోతుంది. అదృష్టం కొద్దీ ఆ పురుగును తినే బూజులూ అదే మట్టిలో వచ్చాయి. ఒకటి జిగురు వల పన్నుతుంది. ఒకటి ఉంగరంలా పెరిగి, పురుగు అందులో దూరగానే బిగుసుకుంటుంది. ఇంకొకటి పురుగు జోలికే పోదు, దాని గుడ్లు తిని ఊరుకుంటుంది. వీటన్నిటినీ గాజు గొట్టాల్లో బతికించడం, మూడు నెలలకొకసారి కొత్త గొట్టంలోకి మార్చడం, అడిగిన సాగుదారుకు జొన్న గింజల మీద పెంచి ఇవ్వడం నా ఉద్యోగం.

పోయిన వారం ఏకరీతి శాఖ నుంచి నరహరి గారు వచ్చారు. మర్యాదస్తుడు. స్టూలు తానే తుడుచుకుని కూర్చున్నారు.

"అన్నిటికన్నా ఎక్కువ పురుగుల్ని పట్టేది ఏది సుగుణ గారూ?"

"నలభయ్యో నంబరు సార్. వందలో తొంభై ఏడు పడుతది."

"అన్నిటికన్నా తక్కువ?"

"తొమ్మిదో నంబరు. పదకొండు."

"మరి తొంభై ఏడు పట్టేది చేతిలో ఉండగా, పదకొండు పట్టేదానికి తిండి ఎందుకు పెడుతున్నారు?"

నాకు జవాబు తోచలేదు. ఆయన నన్ను ఇబ్బంది పెట్టాలని అడగలేదు. మూడో బాయికి ఒక రకం, ఆరో బాయికి ఒక రకం ఇస్తే, పంటలో తేడా వచ్చి రెండు బాయిల వాళ్లూ కొట్టుకున్నారట. పదకొండు బాయిలకూ ఒకటే బూజు ఇస్తే ఎవరూ ఎవరినీ అనరని ఆయన వివరించారు. వినడానికి బాగానే ఉంది. నిజం రాయాలంటే, నాకు సంతోషం కూడా కలిగింది. రెండు వందల పన్నెండు గొట్టాలు మార్చే పని ఒక్క గొట్టానికి తగ్గుతోంది.

జూన్ 7, మొదటి షిఫ్టు

ఉడికించడం పూర్తయింది. తొమ్మిదో నంబరును ఆఖరున వేశాను. దాని చీటీ మీద నాకు ముందు ఈ గది చూసినాయన రాత ఉంది: "పైన, గొడ్ల కొట్టం, పేడ కింద. వాన వెలిశాక." ఇప్పుడు పైన కొట్టమూ లేదు, గొడ్లూ లేవు, వాన సంగతి ఎవరికీ తెలియదు. చీటీ తీసి దాచాలనిపించింది. మిగతావన్నీ ఉడికించమన్న శాఖ ఉత్తర్వులో చీటీల గురించి ఏమీ లేదు కాబట్టి దాన్నీ చెత్తలో వేశాను.

ఉడికాక అన్నిటికీ ఒకటే వాసన వచ్చింది.

ఆగస్టు 20, మొదటి షిఫ్టు

మా బాయికి ఏకరీతి జెండా ఇచ్చారు. గది తలుపుకు మేకు కొట్టి తగిలించారు. అప్పటి నుంచి తలుపు పూర్తిగా పడటం లేదు.

పరీక్ష కూడా సులభం చేశారు. ఇంతకు ముందు బూజు పెరిగిన గాజు ప్లేటులో వంద పురుగుల్ని వదిలి, ఎన్ని చిక్కాయో మైక్రోస్కోప్‌లో లెక్కపెట్టేదాన్ని. నాలుగు గంటల పని. ఇకపై బూజు ప్లేటును ఎంత నింపిందో చూస్తే చాలట. నలభై ఐదు రోజుల్లో పూర్తిగా నింపాల్సిన ప్లేటును నలభయ్యో నంబరు ఐదు రోజుల్లో నింపుతోంది. నూటికి నూరు.

పదకొండు బాయిలకూ బూజు నా దగ్గర నుంచే వెళ్తోంది. వారం వారం ప్లేటులో అందరికంటే ముందుకు పాకిన అంచును కోసి, కొత్త ప్లేటుకు మారుస్తున్నాను. మంచి తిండి, మంచి వేడి. బూజు దూదిలా, తెల్లగా, చూడముచ్చటగా ఉంది.

డిసెంబరు 12, మొదటి షిఫ్టు

నాలుగో లెవల్లో వంకాయ వేసే ఐలవ్వ వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి, మెట్లన్నీ ఎక్కి వచ్చింది. చేతిలో ఒక పీకిన మొక్క. బల్ల మీద పెట్టి, ఆయాసం తీరేదాకా స్టూలు మీద కూర్చుంది.

"నిన్నటిదాక మంచిగనే ఉండె బిడ్డా. ఇయ్యాల తలకాయ ఏలాడేసింది. వేరు చూడు."

వేరంతా ముడులే. అల్లం కొమ్ములా ఉంది.

"నలభై ఎన్నిసార్లు ఏసినవు అవ్వా?"

"మూడుసార్లు ఏసిన. ఏసినప్పుడల్ల మట్టి మీద తెల్లగ పరుసుకుంటది, చూడ సక్కగుంటది. ముడులు మాత్రం పోతలేవు. అది తింటున్నదా, పంటున్నదా?"

కనుక్కుంటానని చెప్పి పంపాను. చెప్పాక భయం వేసింది.

డిసెంబరు 15, మొదటి షిఫ్టు

ఐలవ్వ తెచ్చిన వేరును నలిపి, బట్టలో వడగట్టి, పురుగుల్ని తీశాను. పాత పద్ధతిలో వంద లెక్కపెట్టి నలభయ్యో నంబరు ప్లేటులో వదిలాను. మర్నాటికి నాలుగు చిక్కాయి. మిగతా తొంభై ఆరు బూజు పోగుల మధ్య నుంచి సంతలో జనంలా తిరుగుతున్నాయి. ప్లేటంతా వెతికినా వల ఒక్కటీ సరిగా లేదు.

రెండు రోజులు ఆలోచించాక తప్పు ఎక్కడుందో అర్థమైంది. వల పన్నడానికి బూజుకు బలం ఖర్చవుతుంది, ఆ మేరకు పాకడం తగ్గుతుంది. వారం వారం నేను ముందుకు పాకినదాన్నే కోసుకున్నాను. అంటే వల పన్నని దాన్ని ఏరి ఏరి పెంచాను. ఆరు నెలల్లో అది ప్లేటు నింపడం తప్ప వేరే పని మరిచిపోయేలా చేశాను. పరీక్షలో నూరు వచ్చింది కూడా అందుకే.

ఇంకొక తప్పు ఉంది. అది రాయకుండా ఉండాలనిపిస్తోంది కానీ రాస్తాను. నాలుగో లెవల్ పురుగు మిగతా లెవెళ్ల పురుగు లాంటిది కాదు. దానికి నలభై మొదటి నుంచీ అంతంతమాత్రమే. ఐలవ్వకు నేను ఎప్పుడూ నూట ముప్ఫయ్యో నంబరు ఇచ్చేదాన్ని. నరహరి గారు అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు అదే. ఆ రోజు నా నోటికి రాలేదు. జూన్‌లో ఆ మంగళవారం నాడు నూట ముప్ఫైని నా చేతులతోనే ఉడికించాను.

జనవరి 9, మొదటి షిఫ్టు

శాఖకు రాసిన ఫిర్యాదుకు జవాబు వచ్చింది. "నలభయ్యో నంబరు గత పరీక్షలో నూటికి నూరు పొందినందున, అది పనిచేయడం లేదన్న ఫిర్యాదు నిలవదు. మోతాదు పెంచగలరు."

పెంచాను. మట్టి ఇంకా తెల్లబడింది.

ఎనిమిదో బాయి బూజు గదికి ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే అక్కడి ఆమె అడిగింది, నా దగ్గర పాతవి ఏమైనా మిగిలాయా అని. మిగతా తొమ్మిది బాయిల్లోనూ అదే మాట. మొక్కలు అన్నిచోట్లా సమానంగా వాడిపోతున్నాయి. నరహరి గారు చెప్పినట్టే, ఎవరూ ఎవరినీ అనడం లేదు.

ఫిబ్రవరి 18, మొదటి షిఫ్టు

మూడో లెవల్ టమాట మొత్తం పోయింది. మనిషికి వారానికి రెండు వంకాయలు, అవీ ఉంటేనే. బడిలో పిల్లలకు పళ్లు తోముకుంటుంటే నెత్తురు వస్తోందని ఆయమ్మ చెప్పింది. ఐలవ్వకు రెండు పళ్లు ఊడాయి. వాటిని నాకు చూపించి, "ఇవి మాత్రం ఏకరీతిగ ఊడినయి" అంది.

ఐదో లెవల్లో పంపు నడిపే ఓదెలు ఈ రోజు గదికి వచ్చాడు. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"అక్కా, నీ బూజు పనిచేస్తలేదంట కదా."

"ఎవరు చెప్పిండ్రు?"

"అందరి పళ్లు చెప్తున్నయి." తలుపు దగ్గరికి జరిగాడు. "మూసేసిన సొరంగంల పాత దుంగలున్నయి. కప్పుకు ఆనిచ్చినవి, తాతల నాటివి. వాటి మీద తెల్లగ, పచ్చగ, ఏందేందో మొలుస్తున్నది. నీకేమన్న పనికొస్తదేమో అని."

బయటి రకాన్ని గదిలోకి తెస్తే ఉద్యోగం పోతుంది. పోయిన వాళ్లను పైకి పంపి, ఎండలో సోలార్ పలకలు తుడిపిస్తారు. ఆ సంగతి ఓదెలుకు చెప్పాను.

"నేను తెస్తున్ననా? దుంగలు చెక్కలు రాల్తున్నయి, పంపుకు అడ్డం పడుతున్నయి. తీసి ఎక్కడన్న పడెయ్యాలె. నీ గది తలుపు ఎట్లాగూ పడుతలేదు."

రేపు నేనూ వస్తానన్నాను.

ఫిబ్రవరి 19, మొదటి షిఫ్టు

మోకాళ్ల లోతు నీళ్లలో నడిచాం. ఓదెలు ముందు నడుస్తూ, ఇనుప కడ్డీతో కప్పును తట్టి, చప్పుడు వింటూ పోయాడు. మోత గట్టిగా ఉంటే నడవమనేవాడు, బోలుగా వినబడితే పక్కకు తప్పించేవాడు. ఒకచోట మాత్రం చాలాసేపు తట్టి, "ఇక్కడ తొందరగ పోదాం" అన్నాడు. తొందరగా పోయాం.

దుంగల చెక్కలు, కుళ్లిన గోనెసంచి, ఎలుకల పెంటికలు, గోడ పగుల్లోని బురద. ఇరవై ఆరు పొట్లాలు కట్టాను. ఏ పొట్లం ఎక్కడిదో ఒక్కొక్క చీటీ రాసి పెట్టాను. ఈసారి ఒక్కటీ పారేయను.

మార్చి 14, మొదటి షిఫ్టు

పొట్లాల్లోని పొడిని తిండి లేని ప్లేట్ల మీద చల్లి, పురుగుల్ని ఎర వేశాను. మూడు వారాలుగా రోజూ చూస్తున్నాను. తిండి లేకపోతేనే బూజుకు వేట గుర్తొస్తుంది. మొదటి రెండు వారాల్లో ఏమీ లేదు. ఐలవ్వ రోజు విడిచి రోజు వచ్చి తలుపు దగ్గర నిలబడి, నా మొహం చూసి వెళ్లిపోయేది.

ఈ రోజు పదకొండో ప్లేటులో ఒక ఉంగరం కనిపించింది. మూడు కణాల ఉంగరం. దానికి నడుమ దాకా చిక్కి, ఒక పురుగు కొట్టుకుంటోంది. నేను చూస్తుండగానే ఆగిపోయింది. ఐలవ్వను పిలిచి మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టాను. చాలాసేపు చూసింది.

"పాపం," అంది. తర్వాత, "ఇంకోటి చూపియ్యి," అంది.

ఏప్రిల్ 2, మొదటి షిఫ్టు

మొత్తం పంతొమ్మిది రకాలు దొరికాయి. ఒక్కటీ గొప్పది కాదు. అన్నిటికంటే మంచిది వందలో యాభై ఎనిమిది పడుతుంది. ఎలుక పెంటికల నుంచి వచ్చినది గుడ్లు మాత్రమే తింటుంది. గోడ పగులులోది రెండో లెవల్ పురుగును ముట్టదు కానీ, నాలుగో లెవల్ పురుగు వాసన తగిలితే చాలు, రాత్రికి రాత్రి వల కడుతుంది. రెండు దుంగల మీద ఒకేలా కనిపించిన రెండు బూజులు కూడా పనిలో ఒకటి కాదు. ఒకటి చల్లగా ఉంటే పురుగును పడుతుంది, ఒకటి వెచ్చగా ఉంటే.

ఏది ఎంత వేయాలో లెక్క వేస్తుంటే ఐలవ్వ అడ్డం వచ్చింది.

"నాకు నంబర్లు ఒద్దు బిడ్డా. అన్ని కలిపి ఇయ్యి. ఎవరికి ఏది దొరికితే అది తింటయి."

కలిపి ఇచ్చాను. ఆమె పది సాళ్లకు ఎరువుతో పాటు వేసింది. ఈ సంగతి నాకు, ఆమెకు, ఓదెలుకు తెలుసు. ఈ పుస్తకానికి కూడా తెలుసు. తనిఖీకి వచ్చినవాళ్లు ఇది చదువుతారు. అయినా రాస్తున్నాను. రాయకుండా చేసిన పనులు పోయిన సంవత్సరం చాలా అయ్యాయి.

జూన్ 21, మొదటి షిఫ్టు

నరహరి గారు తనిఖీకి వచ్చారు. సన్నబడ్డారు. మాట్లాడేటప్పుడు పెదవులు మూసుకుంటున్నారు. శాఖ వాళ్లకూ కూరగాయలు బాయిల నుంచే వెళ్తాయి కదా.

నాలుగో లెవల్ చూస్తానన్నారు. తీసుకెళ్లాను. ఇటూ అటూ ఎండిన సాళ్లు, మధ్యలో ఐలవ్వ పది సాళ్లు. మొక్కలు గొప్పగా ఏమీ లేవు. కొన్నిటికి ఆకులు పండాయి, కొన్ని వేళ్లకు ముడులూ ఉన్నాయి. కానీ నిలబడ్డాయి. కాయలున్నాయి.

"ఇక్కడ నలభై వేయలేదు," అన్నారాయన. అడగలేదు, అన్నారు.

"లేదు సార్."

"ఏది వేశారు?"

"పంతొమ్మిది రకాలు."

"అందులో పనిచేసింది ఏది?"

"అన్నీ కొంచెం కొంచెం చేసినయి సార్. ఒక్కటి తీసేసినా తగ్గుతది. తీసి చూసిన."

ఐలవ్వ ఈ మాటలేవీ పట్టించుకోకుండా ఒక లేత వంకాయ కోసి, కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. "పచ్చిదే తిను సారు. పళ్లు గట్టి పడుతయి." ఆయన తిన్నారు. నిలబడే, తొడిమ దాకా తిన్నారు.

గదికి వచ్చాక పుస్తకం ఆయన ముందు పెట్టాను. జూన్ నాలుగు నుంచి మొత్తం చదివారు. తర్వాత మైక్రోస్కోప్‌లో చూపించమన్నారు. ఆరేళ్లుగా బూజు గదులు తనిఖీ చేస్తున్నారు కానీ, పురుగు చిక్కడం చూడటం ఇదే మొదటిసారట. కళ్లు ఎత్తాక చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"నివేదికలో బూజు నంబరు రాయడానికి ఒక్కటే గడి ఉంది, సుగుణ గారూ."

"నలభై అని రాయండి సార్. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

నేను ఆ మాట ఆయన కోసమే అనలేదు. పైన ఎండ ఎలా ఉంటుందో నాకూ తెలుసు. ఆయన కలం పట్టుకుని కూర్చున్నారు. చివరికి గడి వదిలేసి, పక్కనున్న ఖాళీలో చిన్న అక్షరాలతో పంతొమ్మిదీ రాశారు. ఎక్కడ దొరికిందో, ఏ పురుగును పడుతుందో, అన్నీ. చోటు చాలక వెనక్కి తిప్పి రాశారు. ఇంకో కాగితం కుట్టారు.

వెళ్లేటప్పుడు మాత్రం, "మీరు ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

"తోచలేదు సార్. పని తగ్గుతున్నదని ఊరుకున్న."

ఆయన తల ఊపారు. కోపం లేదు. ఉంటే బాగుండేది.

జులై 16, మొదటి షిఫ్టు

నరహరి గారి నివేదికను శాఖ కొట్టివేసింది. గడి ఖాళీగా వదలడం, అంచుల్లో రాయడం, అనుమతి లేని కాగితం కుట్టడం, మూడు తప్పులు. ఆయనను పైకి వేశారు, పలకలు తుడిచే పనికి. నన్ను ఏమీ అనలేదు. నివేదిక చెల్లదు కాబట్టి అందులో రాసిన నా నేరం కూడా చెల్లదట.

మనుషుల్ని పైకి మోసే కేజ్ లిఫ్టు దగ్గరికి వెళ్లాను. నరహరి గారికి తెల్ల సూటు, పెద్ద టోపీ, చేతిలో చిన్న సంచి. ఐలవ్వ ఇచ్చిన వంకాయలు ఇచ్చాను.

"పలకల కింద నీడ ఉంటదట," అన్నారు. ఆయన నోట మా యాస వినడం అదే మొదలు. "నీడలో మట్టి ఉంటే, అందులో ఈ బూజులు ఉంటయా?"

"తడి తగిలిన చోట ఉండొచ్చు సార్. పలకలు కడిగిన నీళ్లు ఎక్కడ ఇంకుతయో అక్కడ చూడుండ్రి. పాత మోళ్లు, వేళ్లు కనబడితే వాటి కింద."

ఆయన అది కాగితం మీద రాసుకున్నారు. కేజ్ పైకి వెళ్లేదాకా నిలబడ్డాను.

సెప్టెంబరు 3, మొదటి షిఫ్టు

తొమ్మిది బాయిల నుంచి బూజు గదుల వాళ్లు ఫోన్ చేశారు. కొట్టివేసిన నివేదికను ఎలా చదివారో తెలియదు కానీ, అందరూ చదివారు. పంతొమ్మిదీ పంపమన్నారు. పంపుతాను, కానీ ముందు మీ బాయిలో మూసేసిన సొరంగాలకు వెళ్లి, మీ దుంగలు మీరు చూసుకోండని చెప్పాను. ఓదెలు ఇప్పుడు వాళ్లకు కప్పు తట్టడం నేర్పడానికి బాయి బాయి తిరుగుతున్నాడు. మూడో లెవల్లో మళ్లీ టమాట వేశారు. ఎలా వస్తుందో చూడాలి.

అక్టోబరు 11, మొదటి షిఫ్టు

కేజ్‌లో నా పేరుతో ఒక పెట్టె వచ్చింది. లోపల ముప్ఫై ఒక్క చిన్న డబ్బాలు. ప్రతి డబ్బా మీద ఏకరీతి శాఖ వాళ్లకే సాధ్యమయ్యేంత నీటుగా చీటీ: వరుస, పలక నంబరు, లోతు, గంట, నిమిషం. లోపల ఉత్తరం.

"సుగుణ గారికి. రెండు గంటల పనిలో గంటన్నర తుడిచి, అరగంట పలకల కింద పాకుతున్నాను. తోటివాళ్లు నాకు ఎండ తగిలిందనుకుంటున్నారు. ముప్ఫై ఒకటిలో ఏ రెండూ ఒకే రకంగా కనబడటం లేదు. క్షమించగలరు. నరహరి."

ఐలవ్వకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది.

నవంబరు 20, మొదటి షిఫ్టు

ముప్ఫై ఒక్క డబ్బాల నుంచి పన్నెండు కొత్త రకాలు వచ్చాయి. ఎనిమిదింటిని నేను ఉడికించిన పాతవాటిలో కూడా చూడలేదు. ఒకటి వెచ్చటి చోట, వందలో యాభై ఎనిమిది పట్టే మా రకాన్ని దాటింది.

ముప్ఫై ఒకటో డబ్బాలోది మాత్రం ఆరు వారాలుగా ఏ పురుగునూ పట్టలేదు. గుడ్డు ముట్టలేదు. ప్లేటు నింపలేదు. నాణెం అంత పెరిగి, ఆగి, మధ్యలో కొంచెం గులాబీ రంగు తిరిగింది. ఐలవ్వ ఇప్పుడు మైక్రోస్కోప్ నాకంటే ఓపికగా చూస్తుంది. ఆమె కూడా పెదవి విరిచింది.

దాన్ని గొట్టంలోకి మార్చి, మిగతావాటి పక్కన చోటు చేసి పెట్టాను. మూడు రోజుల కిందట నరహరి గారికి అలాగే రాశాను: పన్నెండు రకాల సంగతి, ఏది ఏ పురుగుకో, ఆ తర్వాత ముప్ఫై ఒకటో డబ్బా ఇంతవరకు ఏమీ చేయలేదని, అయినా ఉంచానని.

ఈ రోజు దిగిన కేజ్‌లో జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. "అది దొరికిన చోట అడుగున మట్టి ఇంకా తడిగా ఉంది. రేపు మరో జానెడు తవ్వి చూస్తాను."